స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ పట్టా రావాలంటే ఏమేమి కావాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు. ఎమ్మెస్సీలో 58 శాతం మార్కులు వచ్చాయి. ఉద్యోగం మానకుండా పీహెచ్‌డీ చేయాలని ఉంది. నెట్ (అధ్యాపకులకు, పరిశోధకులకు పెట్టే జాతీయ అర్హత పరీక్ష) లేకపోతే సీటు వస్తుందా, ఎన్ని పేపర్లు ప్రచురించాలి, ఎన్నేళ్లు పడుతుంది, ఉద్దానం కిడ్నీ వ్యాధి వివరాలు సేకరించి విశ్లేషిస్తే పరిశోధన అవుతుందా, ఎమ్మెస్సీలో చదివిన గణితం చాలుతుందా అని అడిగారు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు అక్కడికి వచ్చి చేయమంటున్నాడని కూడా రాశారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. మీకు అర్హత ఉంది, ఉద్యోగంలో ఉంటూనే చేయవచ్చు. పట్టా చేతికి రావాలంటే ప్రవేశ పరీక్షలో గాని నెట్‌లో గాని అర్హత, కోర్సు వర్కు (మొదట్లో చదివి పాసు కావలసిన కోర్సులు), పరిశోధన సలహా సంఘం ముందు ఆరునెలలకోసారి నివేదన, సిద్ధాంత గ్రంథం, బయటి పరీక్షకుల ఆమోదం, మౌఖిక పరీక్ష అనే మెట్లు ఎక్కాలి. ఇవన్నీ ఏ సబ్జెక్టుకైనా ఒక్కటే. స్టాటిస్టిక్స్‌కు ప్రత్యేకంగా కావలసినది వేరొకటి ఉంది: ఇంతవరకు లేని ఒక పద్ధతినో, ఉన్న పద్ధతి గురించి ఇంతవరకు తెలియని ఒక ఫలితాన్నో మీరు సొంతంగా నిరూపించి చూపాలి. నేను విజయనగరంలో ఉంటూ చాలాకాలం పీజీ విద్యార్థులకు ఈ శాస్త్రం బోధించాను, కొందరికి గైడుగా ఉన్నాను, ఇతర విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకు పరీక్షకుడిగానూ వెళ్లాను. పీహెచ్‌డీలు మధ్యలో ఆగిపోవడం చాలాసార్లు చూశాను. నిబంధనల దగ్గర ఆగినవి తక్కువ, ఈ చివరి విషయం దగ్గర ఆగినవే ఎక్కువ.

నిబంధనలు త్వరగా చెప్పేస్తాను. ప్రస్తుతం దేశమంతటా అమలులో ఉన్నవి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నియమాలు. రెండేళ్ల పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయరు కాని ఓబీసీ, దివ్యాంగులు, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల వారికి 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు పీజీ లేకుండానే నేరుగా చేరవచ్చు. విశ్వవిద్యాలయాలు పెట్టే ప్రవేశ పరీక్షలో సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ఉంటాయి. అందులో అర్హత పొందినవారికి పరీక్ష మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇచ్చి సీటు ఇస్తారు. మన రాష్ట్రంలో ఇందుకు ఏపీఆర్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. కాబట్టి నెట్ తప్పనిసరి కాదు. అయితే 2024 జూన్ నుంచి నెట్‌లో వచ్చిన మార్కులతో కూడా పీహెచ్‌డీ ప్రవేశాలు ఇవ్వడం మొదలైంది. జేఆర్ఎఫ్‌కు (పరిశోధకులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్పుకు), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు అందకపోయినా ‘పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే’ అనే మూడో వర్గంలో అర్హత పొందవచ్చు. ఆ మార్కులు ఒక ఏడాది చెల్లుతాయి.

ఒక సంగతి గమనించండి. స్టాటిస్టిక్స్ వారికి అనువైనది సీఎస్ఐఆర్ నెట్ (సైన్సు సబ్జెక్టులకు జరిగే నెట్) లోని గణిత శాస్త్రాల పేపరు. అందులో నాలుగో యూనిట్ పూర్తిగా మనది: సంభావ్యత, అనుమితి, ప్రయోగ రచన, క్యూయింగ్ వంటివి. చివరి భాగంలో అరవై ప్రశ్నలు ఇచ్చి ఇరవై రాయమంటారు గనుక ఆ యూనిట్‌నూ, విశ్లేషణ, లీనియర్ ఆల్జీబ్రా ఉన్న మొదటి యూనిట్‌నూ గట్టిగా పట్టుకుంటే సరిపోతుంది. 2019 నుంచి గేట్‌లో కూడా స్టాటిస్టిక్స్‌కు ప్రత్యేక పేపరు ఉంది.

పార్ట్‌టైమ్ విషయంలో నియమాలు అడిగేది మీ యాజమాన్యం ఇచ్చే నిరభ్యంతర పత్రం. పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఉన్నదనీ, పరిశోధనకు తగిన సమయం ఉద్యోగం వల్ల దొరుకుతుందనీ, అవసరమైతే కోర్సు వర్కు కోసం విధుల నుంచి విడుదల చేస్తామనీ మూడు మాటలూ అందులో ఉండాలి. మూడో వాక్యం రాయించుకోవడం దగ్గరే పేచీ వస్తుంది. కళాశాలలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు పీహెచ్‌డీ ఉన్నవారి సంఖ్య చూపించుకోవడానికి ముచ్చటపడే యాజమాన్యాలు, అదే పీహెచ్‌డీ కోసం నాలుగు రోజులు సెలవడిగితే మాత్రం సిలబస్ పూర్తి కాలేదంటాయి. చేరకముందే లెటర్‌హెడ్ మీద సంతకంతో తీసుకోండి. దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో పీహెచ్‌డీ చెల్లదు. అలాంటి ప్రకటనలు కనబడితే పట్టించుకోకండి.

కోర్సు వర్కు కనీసం 12 క్రెడిట్లు. అందులో పరిశోధన, ప్రచురణ నైతికతపై ఒక కోర్సు తప్పనిసరి, మొత్తం మీద 55 శాతం రావాలి. కోర్సు వర్కుతో కలిపి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు ఇస్తారు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు అదనం, అంటే మీకు పదేళ్ల వరకు గడువు ఉన్నట్లు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మొత్తం మీద 240 రోజుల సెలవు కూడా ఉంది. ఉద్యోగంలో ఉంటూ చేసినవారికి ఐదారేళ్లు పట్టడం నేను మామూలుగా చూసిన సంగతి. మూడేళ్లలో ముగిస్తామని చెప్పేవారి మాట నమ్మి ప్రణాళిక వేసుకోవద్దు.

ఇక ఉద్దానం దగ్గరకు వద్దాం, మీ ప్రశ్నలో అసలు విషయం అదే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో మూత్రపిండాల వ్యాధి కారణం తేలకుండా ఇన్నేళ్లుగా ఉందన్నది మన జిల్లాల్లో అందరికీ తెలిసిన బాధ. దానిమీద పనిచేయాలన్న మీ ఆలోచనను గౌరవిస్తాను. కాని ఊరూరా తిరిగి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్త పరీక్ష) పరీక్షలు చేయించి, వయసు, వృత్తి, తాగునీరు రాసుకుని, లాజిస్టిక్ రిగ్రెషన్ (వ్యాధి వచ్చే అవకాశాన్ని కారణాలతో ముడిపెట్టే పద్ధతి) వేసి, ఏ కారణానికి పీ విలువ (ఆ సంబంధం కేవలం యాదృచ్ఛికమా అని చూసే కొలత) ఎంత వచ్చిందో పట్టికలు ఇస్తే అది ప్రజారోగ్యంలో మంచి పని అవుతుంది, స్టాటిస్టిక్స్‌లో సిద్ధాంత గ్రంథం కాదు. ఉన్న పద్ధతిని కొత్త దత్తాంశానికి (డేటాకు) అన్వయించడం ఒక అధ్యాయమైతే కావచ్చు, గ్రంథమంతా కాలేదు. పరీక్షకుడిగా నేను తిరిగి పంపిన వాటిలో ఎక్కువ భాగం ఈ రకానివే.

అదే ఉద్దానంలో స్టాటిస్టిక్స్ ప్రశ్న ఎక్కడ ఉందో చూపిస్తాను. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని నిర్ధారించాలంటే లోపం మూడు నెలలకు మించి కొనసాగినట్లు తేలాలి. సర్వేలో మీరు ఒక్కసారే రక్తం తీస్తారు. ఎండలో జీడితోటలో పనిచేసి వచ్చి నీళ్లు తాగని మనిషికి ఆ పూట క్రియాటినిన్ ఎక్కువగా ఉండవచ్చు, వారం తరువాత సర్దుకోవచ్చు. అంటే మీ పరీక్ష కొందరు ఆరోగ్యవంతులను రోగులుగా, కొందరు రోగులను ఆరోగ్యవంతులుగా చూపిస్తుంది. దీన్ని సవరించే సూత్రం ఒకటి 1978 నుంచి ఉంది, రోగన్, గ్లాడెన్‌ల పేరు మీద. రోగులను రోగులుగా పరీక్ష పట్టుకునే నిష్పత్తి సెన్సిటివిటీ, ఆరోగ్యవంతులను ఆరోగ్యవంతులుగా చూపే నిష్పత్తి స్పెసిఫిసిటీ. పరీక్షలో పాజిటివ్ వచ్చిన నిష్పత్తికి స్పెసిఫిసిటీని కలిపి ఒకటి తీసివేసి, వచ్చినదాన్ని సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీల మొత్తంలోంచి ఒకటి తీసివేయగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే అసలు వ్యాప్తి అంచనా వస్తుంది. రెండూ 90 శాతం అనుకోండి. ఒక ఊళ్లో వందమందిని పరీక్షిస్తే ఐదుగురికి పాజిటివ్ వచ్చింది. లెక్క వేస్తే ఆ ఊళ్లో వ్యాధి వ్యాప్తి మైనస్ 6.25 శాతం. వ్యాప్తి సున్నాకన్నా తక్కువ ఎలా ఉంటుంది? చాలామంది అక్కడ సున్నా రాసేసి ముందుకు పోతారు. స్టాటిస్టిక్స్‌లో పరిశోధన మొదలయ్యేది సరిగ్గా అక్కడే. సున్నాగా మార్చితే అంచనాలో వచ్చే పక్షపాతం ఎంత? ఒకే ఊరివాళ్లు ఒకే నీళ్లు తాగుతారు గనుక వారి ఫలితాలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి, అప్పుడు దోషపరిమితి ఎలా లెక్కించాలి? సెన్సిటివిటీ కూడా మనకు ఖచ్చితంగా తెలిసినది కాదు, మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేయించుకున్న కొద్దిమంది నుంచి అంచనా వేసినదే, ఆ అనిశ్చితిని ఎలా కలపాలి? ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికి సంతృప్తికరమైన సమాధానం కనిపెట్టి, దాన్ని నిరూపిస్తే మీకు పీహెచ్‌డీ ఉన్నట్లే. అప్పుడు ఉద్దానం మీ గ్రంథంలో చివరి అధ్యాయమై, ముందున్న అధ్యాయాలన్నిటికీ అర్థం చెబుతుంది.

ఈ దారి కొత్తది కాదు. ప్రసిద్ధ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సీ.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎంఏ చేసి, 1946లో కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడ ఆయన చేతికి వచ్చిన పని సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు. ఆ ఎముకలు మానవశాస్త్రానికి చెందినవి. కాని అనేక కొలతలను ఒకేసారి వాడి ఒక మనిషిని ఏ సమూహానికి చేర్చాలన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం స్టాటిస్టిక్స్‌కు చెందినది. ఆధునిక స్టాటిస్టిక్స్‌కు పునాదులు వేసిన ఆర్.ఏ. ఫిషర్ పర్యవేక్షణలో 1948లో పీహెచ్‌డీ వచ్చింది. చాలామందికి గుర్తుండనిది ఏమిటంటే, ఆయన పేరు పాఠ్యపుస్తకాలకెక్కించిన వేరియెన్స్ దిగువ హద్దు ఫలితం (ఒక అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు) అంతకు మూడేళ్ల ముందే, 1945లో అచ్చయింది. అప్పటికి ఆయనకు డాక్టరేటు లేదు.

సొంత ఫలితం అన్నాను గదా, దాన్ని పరీక్షకులు మూడు వైపుల నుంచి చూస్తారు: గణిత నిరూపణ ఉందా, సిమ్యులేషన్‌లో (కంప్యూటర్‌లో కల్పిత దత్తాంశం సృష్టించి చేసే పరీక్షలో) నిలబడుతున్నదా, నిజమైన దత్తాంశంలో ఉపయోగపడిందా. మన ప్రాంతంలో విద్యార్థులు రెండోదాన్ని తేలికగా తీసుకుంటారు. అలా తీసుకోకూడదు, ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను, దీన్ని మీ డిగ్రీ విద్యార్థుల చేత కూడా చేయించవచ్చు. నిష్పత్తికి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (వందలో 95 సార్లు అసలు విలువను పట్టుకోవలసిన అవధి) అని మనందరం తరగతిలో చెప్పే సూత్రం ఉంది: నిష్పత్తికి ఇరువైపులా ప్రామాణిక దోషానికి 1.96 రెట్లు. ఒక వాడలో ఇరవైమందిని పరీక్షించారనీ, అసలు వ్యాప్తి 5 శాతమనీ అనుకోండి. ఇరవైమందిలో ఒక్కరికీ వ్యాధి కనబడకపోయే సంభావ్యత 0.95ను ఇరవైసార్లు గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 0.36. ఒక్కరూ లేనప్పుడు ప్రామాణిక దోషం సున్నా, ఇంటర్వల్ మొత్తం సున్నా దగ్గర ఒక చుక్కగా ముడుచుకుపోతుంది, అందులో 5 శాతం ఉండదు. ఇంకొన్ని అరుదైన సందర్భాలు కలిపితే, 95 శాతం అని మనం పేరు పెట్టిన ఇంటర్వల్ నిజానికి పనిచేసేది దాదాపు 64 శాతం సార్లే. నమూనా పరిమాణం అనంతానికి పోయినప్పుడు నిజమయ్యే సిద్ధాంతం ఇరవైమంది దగ్గర ఎంత దూరంలో ఉందో సిమ్యులేషన్ తప్ప మరేదీ అంత స్పష్టంగా చూపదు. మీ సొంత పద్ధతికి కూడా ఇదే పరీక్ష పెట్టాలి. ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి బాగా నేర్చుకోండి. బయట డబ్బులిచ్చి విశ్లేషణ చేయించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) ‘ఈ లూప్‌లో ఏం జరుగుతోంది’ అని అడిగితే ఆ సంగతి ఒక్క నిమిషంలో బయటపడుతుంది.

గణితం గురించి కొంచెం కఠినంగానే చెప్పాలి. ఎమ్మెస్సీ పరీక్షల కోసం చదివిన గణితం చాలదు. దత్తాంశం పెరిగేకొద్దీ అంచనా అసలు విలువకు చేరుతుందని నిరూపించాలంటే సంభావ్యతలో చేరడం, దాదాపు నిశ్చయంగా చేరడం, వితరణలో చేరడం అనే మూడింటి మధ్య తేడా నోటికి కాదు, చేతికి తెలియాలి. అందుకు మెజర్ థియరీ (సంభావ్యతకు పునాది అయిన గణిత శాఖ) ఆధారంగా సంభావ్యతను మళ్లీ మొదటి నుంచి చదవాలి. రెండోది లీనియర్ ఆల్జీబ్రా. మాత్రికల క్వాడ్రాటిక్ రూపాలు, ప్రొజెక్షన్లు, సాధారణీకృత విలోమాలు రాకుండా లీనియర్ మోడల్స్‌లో ఒక్క అడుగు వేయలేరు. మా విద్యార్థుల్లో ఒకరు బోధనలో చాలా సమర్థులు, కంప్యూటర్ పనిలోనూ మంచి వేగం. కాని నిరూపణలు చదవడం అంటే భయపడేవారు. చేరిన మొదటి ఏడాది ఆయన చేత ఏ టాపిక్కూ ఎన్నుకోనివ్వలేదు. రోజుకు ఒక సిద్ధాంతం పుస్తకం మూసి కాగితం మీద తిరిగి రాయడం, అంతే. ఇంట్లోవాళ్లు ‘పీహెచ్‌డీ అంటే ఇదా’ అన్నారట. రెండో ఏడాది నుంచి ఆయన పని పరుగెత్తింది. మీరు సీటు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ఇది మొదలుపెట్టండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఈ రెండింటికీ ఉచిత పాఠాలున్నాయి, ఆమదాలవలస నుంచి విశాఖ రైల్లో కూర్చుని కూడా వినవచ్చు.

గైడును ఎన్నుకోవడం టాపిక్‌ను ఎన్నుకోవడం కన్నా ముఖ్యం. మనకు ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి స్టాటిస్టిక్స్ విభాగమే ఉంది. ఎక్కడ దరఖాస్తు చేసినా ముందు తెలుసుకోవలసింది ఆ ఏడాది స్టాటిస్టిక్స్‌లో ఖాళీ ఉన్న గైడు ఎవరన్నది. ఒక ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిదిమందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి పర్యవేక్షించరాదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. పరిచయస్థుడనో, మన ఊరివాడనో గైడును ఎంచుకోకండి. ఆయన దగ్గర పూర్తయిన సిద్ధాంత గ్రంథాలు రెండు శోధ్‌గంగ (మన దేశపు పీహెచ్‌డీ గ్రంథాలు ఉంచే) సైటులో తెరిచి చదవండి. నిరూపణలు ఉన్నాయా, లేక ఒకే పద్ధతిని దత్తాంశం మార్చి మళ్లీ మళ్లీ వేశారా అన్నది గంటలో తెలిసిపోతుంది.

పేపర్ల సంగతి. 2016 నియమాల్లో గ్రంథం సమర్పించకముందు ఒక పేపరు ప్రచురించాలనీ, రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలనీ ఉండేది. 2022 నియమాల్లో ఆ నిర్బంధం తీసేశారు. అయినా విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకోవచ్చు గనుక మీరు చేరే చోటి నిబంధన పుస్తకం చూసుకోండి. నిర్బంధం ఉన్నా లేకపోయినా ఒక మంచి పత్రిక రిఫరీలు చదివి ఆమోదించిన పేపరు ఉంటే వైవా సగం తేలికవుతుంది. డబ్బు కట్టిన వారంలో అచ్చువేసే పత్రికల జోలికి పోవద్దు. 2025లో యూజీసీ తన కేర్ జాబితాను (ఆమోదించిన పత్రికల జాబితాను) కూడా ఆపేసింది కాబట్టి పత్రిక మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యత ఇప్పుడు మీదీ, మీ గైడుదీ.

గ్రంథం పూర్తయ్యాక ఇతరుల రచనలతో ఎంత పోలి ఉందో చూసే సారూప్యత పరీక్ష ఉంటుంది; 10 శాతం వరకు అభ్యంతరం లేదు. ఆ తరువాత విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేయని కనీసం ఇద్దరు పరీక్షకులకు పంపుతారు. వారి నివేదికలు అనుకూలంగా వస్తే వైవా. నేను పరీక్షకుడిగా వెళ్లినప్పుడు సాధారణంగా మొదట అడిగేది, ‘మీ ముఖ్య సిద్ధాంతంలో ఉన్న షరతుల్లో ఒకటి తీసేస్తే ఏమవుతుంది’ అని. సొంతంగా పనిచేసినవారు వెంటనే బోర్డు దగ్గరకు వెళ్లి ఒక ప్రతికూల ఉదాహరణ రాస్తారు. మిగిలినవారు గైడు వైపు చూస్తారు.

అమెరికాలో పద్ధతి వేరు. డిగ్రీతోనే నేరుగా పీహెచ్‌డీకి చేర్చుకుంటారు, మొదటి రెండేళ్లు దాదాపు పూర్తిగా తరగతులే. ఆ తరువాత సిద్ధాంతం మీదా, పద్ధతుల మీదా అర్హత పరీక్షలు, పరిశోధన ప్రతిపాదనపై మరో పరీక్ష, చివరకు ఒక కమిటీ ముందు సమర్థన; మొత్తం ఐదేళ్లు పడుతుంది. టీచింగ్ అసిస్టెంటుగా పనిచేస్తే ఫీజు మాఫీ, స్టైపెండు వస్తాయి. కాని అది పూర్తికాలపు చదువు, ఉద్యోగంతో కుదరదు. ఇంట్లో చిన్నపిల్ల ఉన్నదని మీరే రాశారు గనుక ఆ నిర్ణయం మీ కుటుంబానిది. కుదిరితే మాత్రం వాళ్ల మొదటి రెండేళ్ల పాఠ్యప్రణాళిక తీసుకుని ఇక్కడే చదవండి, మన 12 క్రెడిట్ల కోర్సు వర్కు నింపలేని లోటును అది నింపుతుంది.

చివరగా, ఉద్యోగం కోసమే అయితే ఒక మాట ఆలోచించండి. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి కనీస అర్హత నెట్ లేదా సెట్ (రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష). పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఏపీసెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయమే నిర్వహిస్తుంది, దానికి వయఃపరిమితి లేదు. జేఆర్ఎఫ్‌కు ఉంది గాని మహిళలకు ఐదేళ్ల సడలింపు ఇస్తారు. అది వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000. అయితే ఆ ఫెలోషిప్పుతో ఉద్యోగం కొనసాగించడానికి వీల్లేదు. కాబట్టి ఈ ఏడాది సీఎస్ఐఆర్ నెట్, ఏపీసెట్, ఏపీఆర్‌సెట్ మూడింటికీ ఒకే సన్నద్ధతతో కూర్చోండి, సిలబస్ చాలావరకు కలుస్తుంది. ఏపీఆర్‌సెట్‌లో మాత్రం పరిశోధన పద్ధతుల భాగాన్ని విడిగా చదవాలి. ఉద్దానం గురించి రెండు పేజీల ప్రతిపాదన రాసి ఇక్కడ పెడితే, అందులో స్టాటిస్టిక్స్ ప్రశ్న ఎంత ఉందో చూసి చెబుతాను.